క్లిప్పులు వారం వారం గట్టిగా బిగిస్తే పళ్లు తొందరగా సర్దుకుంటాయా?

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. అమ్మాయికి ఇరవై రెండేళ్లు, ఎత్తు పళ్లు. శ్రీకాకుళంలో నాలుగు పళ్లు తీసి, మూడు వారాల క్రితం క్లిప్పులు వేశారు. నెలకోసారి రమ్మన్నారు, ఏడాదిన్నర పైనే పడుతుందన్నారు. మాఘమాసంలో పెళ్లి చేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. మరిది గారేమో తనకు తెలిసిన చోట వారం వారం బిగించి ఆరు నెలల్లో ముగించేస్తారని అంటున్నారు. ఈలోగా పళ్లు కొంచెం ఊగుతున్నాయి. నొప్పి తట్టుకోలేక అమ్మాయి రోజూ ఇబుప్రోఫెన్ మాత్ర వేసుకుంటోంది. "ఊగిన పన్ను నిలుస్తుందా?" అని అత్తగారు దిగులు పడుతున్నారు. చివర్లో తల్లి అడిగిన మాట ఇది: "అసలు గట్టి ఎముకలో పాతుకున్న పన్ను ఇంత సన్నని తీగకు ఎలా కదులుతుంది?"

అమ్మా, ముందు సూటిగా చెబుతాను. వారం వారం బిగించే చోటికి అమ్మాయిని మార్చకండి. బలం పెంచితే పన్ను వేగంగా కదలదు, చాలాసార్లు ఉన్నచోటే ఆగిపోతుంది. మీ డాక్టరు గారు చెప్పిన నెల గడువు, ఏడాదిన్నర లెక్క రెండూ సరైనవే. కొద్దిగా ఊగడం మామూలే, భయం లేదు. రోజూ వేసుకుంటున్న ఆ మాత్ర మాత్రం ఆపించండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

నేను బరంపురంలోనూ, నెలలో కొన్ని రోజులు రాయగడలోనూ ఆర్థోడాంటిస్టుగా, అంటే పళ్ల వరస సరిచేసే డాక్టరుగా పని చేస్తున్నాను. మన సరిహద్దు ఊళ్లలో ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. నెల నెలా శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లి రావడమంటే ఒక రోజు పని పోతుంది, బస్సు ఖర్చవుతుంది, ఆడపిల్లకు తోడుగా ఇంకొకరు బయలుదేరాలి. తొందరగా అయిపోతే బాగుండుననుకోవడం చాలా సహజం. కానీ ఇక్కడ వేగం డాక్టరు చేతిలోనూ లేదు, తీగ చేతిలోనూ లేదు. అది పంటి చుట్టూ ఉన్న కణాల చేతిలో ఉంది.

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. పన్ను నేరుగా ఎముకకు అంటుకొని ఉండదు. పంటి వేరుకూ ఎముక గూడుకూ మధ్య సుమారు పావు మిల్లీమీటరు మందాన ఒక మెత్తని పొర ఉంటుంది. దాని పేరు పెరియోడాంటల్ లిగమెంట్. వేరును గూటికి కట్టి ఉంచే కొల్లాజెన్ పోగులు, సన్నని రక్తనాళాలు, నరాల కొసలు, ద్రవం అన్నీ ఆ పావు మిల్లీమీటరులోనే ఇమిడి ఉంటాయి. వాటి మధ్య కణాలు ఉంటాయి. పోగులను అల్లేవి ఫైబ్రోబ్లాస్టులు. కొత్త ఎముకను కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు మాత్రం అక్కడ ఎప్పుడూ కాచుకొని ఉండవు. అవసరం పడ్డప్పుడు, రక్తంలో తిరిగే ఒక జాతి తెల్లకణాలు వచ్చి, కొన్ని కొన్ని కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలుగా అక్కడికక్కడే తయారవుతాయి.

అన్నం నమిలేటప్పుడు దవడ పళ్ల మీద కిలోల కొద్దీ బరువు పడుతుంది. అయినా అవి జరగవు. ఎందుకంటే ఆ బరువు ఒక్క సెకను కూడా నిలవదు. పొరలోని ద్రవం పక్కకు తప్పుకొనేలోపే దవడ మళ్లీ తెరుచుకుంటుంది. క్లిప్పుల తీగ ఇచ్చే బలం గ్రాముల్లోనే ఉంటుంది. కానీ అది రాత్రీ పగలూ వదలదు. కణాలు స్పందించేది ఈ వదలకపోవడానికే.

తీగ కట్టాక లోపల జరిగేది వరసగా చెబుతాను. కొద్ది సెకన్లలోనే ద్రవం పిండుకుపోతుంది, పన్ను గూటిలో ఒక వైపు వెంట్రుకవాసి ఒరుగుతుంది. ఒరిగిన వైపు పొర నలిగి రక్తనాళాలు సన్నబడతాయి. రెండో వైపు పోగులు సాగి నాళాలు వెడల్పవుతాయి. నిమిషాల్లో రక్తప్రసారం, ఆక్సిజన్ మోతాదు రెండు వైపులా వేరు వేరుగా మారతాయి. ఆ మార్పునూ, తమ మీద పడ్డ సాగుడునూ ఒత్తిడినీ గుర్తించిన కణాలు ప్రోస్టాగ్లాండిన్లు, ఇంటర్‌ల్యూకిన్లు అనే రసాయనాలను వదులుతాయి. నాలుగు గంటలు దాటేసరికి కణాల లోపలి సంకేతాలు మారి, అవి కొత్త పనులకు సిద్ధపడతాయి. రోజుకు కొద్ది గంటలు మాత్రమే పెట్టుకునే తీసివేసే ప్లేట్లు ఏమీ సాధించకపోవడానికి కారణం ఇదే. సుమారు ఆరు గంటలైనా ఆగకుండా బలం ఉంటే గానీ పని మొదలవదు.

రెండు రోజులకు నలిగిన వైపు ఆస్టియోక్లాస్టులు చేరి గూటి గోడను కరిగించడం మొదలుపెడతాయి. వాటిని తయారు చేయించే సంకేతం పేరు ర్యాంక్-ఎల్. దానికి అడ్డుపడేది ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరో ప్రోటీన్. ఈ రెండింటినీ లిగమెంట్ కణాలు, ఎముక కణాలే తయారు చేస్తాయి. నలిగిన వైపు మొదటిది పెరుగుతుంది కాబట్టి ఎముక కరుగుతుంది. సాగిన వైపు రెండోదానిది పైచేయి అవుతుంది, ఆస్టియోబ్లాస్టులు చురుకై కొత్త ఎముక పోస్తాయి. ముందు గోడ కరుగుతుంటే వెనక గోడ కట్టుబడుతుంది. మధ్యలో లిగమెంట్ తన మందం తాను నిలుపుకుంటుంది. అంటే అమ్మా, పన్ను ఎముకను చీల్చుకొని పోవడం లేదు. దాని గూడే దానితో పాటు జరుగుతోంది. తీగ చేసేది సంకేతం ఇవ్వడం వరకే. మోయడమంతా కణాలు చేస్తాయి.

దీనికి నేను చూసిన బలమైన నిదర్శనం రాయగడలో ఒక కుర్రాడిది. చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలి పైన ముందు పన్ను ఊడిపడితే, ఎవరో దాన్ని మళ్లీ గూటిలో పెట్టించారు. పన్ను నిలిచింది, కానీ చాలాసేపు బయట ఎండిపోవడంతో లిగమెంట్ కణాలు చనిపోయి వేరు నేరుగా ఎముకతో కలిసిపోయింది. కొన్నేళ్ల తర్వాత క్లిప్పులు వేశాక మిగతా పళ్లన్నీ కదిలాయి. ఆ ఒక్కటి జరగలేదు సరికదా, దాన్ని కిందికి లాగాలని కట్టిన తీగ పక్క పళ్లనే పైకి లాగడం మొదలుపెట్టింది. తీగ అదే, బలం అదే, ఎముక అదే. లేనిదల్లా ఆ పావు మిల్లీమీటరు పొర. ఎముకలోకి నేరుగా బిగించే ఇంప్లాంట్ పళ్లు క్లిప్పులకు కదలకపోవడానికి కూడా కారణం అదే. ఊడిన పన్ను ఎప్పుడైనా చేతికి దొరికితే వేరును రుద్దకుండా పాలలో వేసుకొని వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తమని నేను బడుల్లో చెప్పేది ఆ కణాల కోసమే.

ఇక గట్టిగా బిగిస్తే ఏమవుతుందో చూద్దాం.

నలిగిన వైపు రక్తనాళాలు సన్నబడితే కణాలు సంకేతాలు పంపుతాయి. పూర్తిగా మూసుకుపోతే ఆ కాస్త మేర కణాలు చచ్చిపోతాయి. సూక్ష్మదర్శినిలో ఆ చోటు కణాలు లేకుండా గాజులా కనిపిస్తుంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెట్ 1904-05లో ప్రచురించిన కుక్కల ప్రయోగాల్లోనే దీన్ని వర్ణించాడు. 1932లో ష్వార్జ్ అనే పరిశోధకుడు, మంచి బలమంటే సూక్ష్మ రక్తనాళాల్లోని ఒత్తిడిని మించకూడదని, చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 26 గ్రాములు దాటకూడదని ప్రతిపాదించాడు. ఆ అంకెను ఇవాళ ఎవరూ అక్షరాలా పాటించరు, ఎందుకంటే బలం వేరు పొడవునా సమానంగా పడదు. మాట సారం మాత్రం నిలిచింది. నేటికీ పన్ను కాస్త ఒరగడానికి 35 నుంచి 60 గ్రాములు, ఒరగకుండా వేరుతో సహా జరగడానికి 70 నుంచి 120 గ్రాములు, పన్నును గూటిలోకి నొక్కడానికైతే 10 నుంచి 20 గ్రాములే చాలని ఈ వైద్యంలో లెక్క వేస్తాం.

కణాలు చచ్చిన చోట ఎముకను కరిగించే పని ఎవరు మొదలుపెడతారు? అక్కడ ఎవరూ లేరు. పక్కనున్న మజ్జ ఖాళీల నుంచి ఆస్టియోక్లాస్టులు పుట్టి, ఎముక వెనక వైపు నుంచి తొలుచుకుంటూ రావాలి, పొలం గట్టును ఎలుకలు అడుగు నుంచి తొలిచినట్టు. దానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతకాలం పన్ను కదలదు, నొప్పి మాత్రం పెరుగుతుంది. ఆ తర్వాత గోడ ఒక్కసారిగా కూలి పన్ను ఎగిరినట్టు జరుగుతుంది, విపరీతంగా ఊగుతుంది. ఇంతలో వారం తిరిగిందని మళ్లీ బిగిస్తే, మొదటి చోటు శుభ్రపడకముందే మరో చోట కణాలు చస్తాయి. పైగా చచ్చిన కణజాలాన్ని తొలగించడానికి వచ్చిన కణాలే పక్కనున్న పంటి వేరును కూడా కొరుకుతాయి. ఎముక మళ్లీ పెరుగుతుంది. పొట్టిబడిన వేరు మళ్లీ పొడవవదు.

నిజం చెప్పాలంటే, ఎంత సున్నితంగా కట్టినా అక్కడక్కడ చిన్న మేరలో కణాలు చావడం తప్పదు. మొదటి బిగింపు తర్వాత రెండు మూడు వారాలు ఏమీ జరగనట్టు కనిపించడం అందుకే. మీ అమ్మాయి ఇప్పుడు సరిగ్గా ఆ దశలో ఉంది. నెల గడువు పెట్టేది ఆ చచ్చిన భాగం శుభ్రపడి, కొత్త కణాలు చేరి, పన్ను నిజంగా జరిగే కాలం దక్కాలని.

పళ్లు తీసి వేసిన క్లిప్పుల్లో ఇంకో ప్రమాదం ఉంది, మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎత్తు పళ్లకు నాలుగు పళ్లు తీయించేది, ఆ ఖాళీలోకి ముందు పళ్లు వెనక్కి రావాలని. వెనకనున్న దవడ పళ్లు ఆధారంగా నిలబడి ముందు పళ్లను లాగాలి. దవడ పళ్లకు వేళ్లు ఎక్కువ, వాటి చుట్టూ పొర విస్తీర్ణం ఎక్కువ. తక్కువ బలం ఆ విస్తీర్ణం మీద పరుచుకుంటే వెనక కణాలు పెద్దగా మేల్కొనవు, ముందు పన్ను మాత్రం కదులుతుంది. 1952లో స్టోరీ, స్మిత్ అనే పరిశోధకులు దీన్నే చూపించారు. 150 నుంచి 200 గ్రాముల మధ్య కోరపన్ను చక్కగా వెనక్కి వచ్చింది. బలం అంతకు బాగా మించినప్పుడు కోరపన్ను చుట్టూ కణాలు నలిగి అది దాదాపు ఆగిపోయింది, ఆధారమనుకున్న వెనక పళ్లే ముందుకు నడిచాయి.

ఇది పుస్తకాల్లో మాత్రమే జరిగేది కాదు. బరంపురంలో నర్సింగ్ చదివే ఒక అమ్మాయి, పరీక్షల తర్వాత పెళ్లిచూపులున్నాయని, ఒక్క రబ్బరు బ్యాండు పెట్టుకోమన్న చోట మూడేసి పెట్టుకుంది. తర్వాతి నెల వచ్చేసరికి ఖాళీ చాలా తగ్గింది, ముఖం వెలిగిపోతోంది. కొలిచి చూస్తే కోరపన్ను ఉన్నచోటే ఉంది. వెనక దవడ పన్ను ముందుకు జరిగి ఖాళీని మింగేసింది. ముందు పళ్లు వెనక్కి రావడానికి దాచుకున్న చోటు అది. ఆ చోటును మళ్లీ సంపాదించడానికి ఎముకలో చిన్న స్క్రూలు వేసి నెలల తరబడి పని చేయవలసి వచ్చింది. అందుకని ఖాళీ మూసుకుపోవడం చూసి మురిసిపోకూడదు. ఎటు వైపు నుంచి మూసుకుంటోందో చూడాలి. వారం వారం బిగించే చోట మీ అమ్మాయి ఖాళీలు ఆరు నెలల్లో మూసుకుపోవచ్చు. ఎత్తు పళ్లు మాత్రం ఎత్తుగానే మిగలవచ్చు. తీసిన నాలుగు పళ్లు తిరిగి రావు.

మరిది గారి మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. పళ్లు తీయకుండా, ముందు పళ్ల చిన్న వంకర్లు మాత్రమే సరిచేసే కేసులు ఆరు నెలల్లో ముగిసేవి ఉంటాయి. ఆయన చూసింది అలాంటిదే అయి ఉండవచ్చు. మీ అమ్మాయిది వేరు. లెక్క వేసి చూడండి: తీసిన పంటి ఖాళీ సుమారు ఏడు మిల్లీమీటర్లు. పన్ను సగటున నెలకు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఖాళీ మూయడానికే ఏడెనిమిది నెలలు. దానికి ముందు వంకర పళ్లను వరసలోకి తేవడానికి నాలుగైదు నెలలు, ఆ తర్వాత వేళ్లను నిటారు చేసి పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు సరిదిద్దడానికి మరికొన్ని నెలలు. ఏడాదిన్నర అలా వచ్చింది.

వేగం పెంచే మార్గాలు అసలే లేవా అంటే, ఒకటుంది. పళ్ల మధ్య ఎముక మీద చిన్న కోతలు పెడితే ఆ గాయం మానడానికి కణాలు చురుకై కొన్ని నెలలు ఎముక త్వరగా మారుతుంది. శస్త్రచికిత్స, ఖర్చు, నొప్పి ఉంటాయి, లాభం కొన్నాళ్లే. మామూలు కేసులో నేను సలహా ఇవ్వను. నోట్లో పెట్టుకునే కంపన యంత్రాలకైతే డబ్బు పెట్టకండి; అవి వేగం పెంచుతాయనడానికి ఆధారాలు చాలా బలహీనం.

మాత్ర సంగతి. నొప్పి క్లిప్పు బిగించిన కొద్ది గంటల్లో మొదలై, మర్నాటికి ఎక్కువై, వారం లోపల తగ్గుతుంది. ఆ నొప్పికీ పన్ను కదలడానికీ మూలం ఒకటే, పైన చెప్పిన ప్రోస్టాగ్లాండిన్లు. ఇబుప్రోఫెన్ వాటి తయారీనే తగ్గిస్తుంది. ఒకటి రెండు రోజులు వేసుకుంటే నష్టం లేదు. వారాల తరబడి రోజూ వేసుకుంటే ఆస్టియోక్లాస్టులను పిలిచే సంకేతమే తగ్గి పని మందగించవచ్చు, కడుపులో పుండ్లు, కిడ్నీల బాధ అదనం. పంటి చుట్టూ ఉన్న కణాలను అంతగా కదిలించని పారాసెటమాల్ మేలు, అదీ మొదటి రెండు మూడు రోజులకే, చీటీ మీద రాసిన మోతాదులోనే. మూడు వారాలైనా రోజూ మాత్ర వేసుకోవలసినంత నొప్పి ఉందంటే అది మామూలు కాదు. ఎక్కడో తీగ కొస గుచ్చుకుంటూ ఉండాలి, లేదా పై పన్ను కింది క్లిప్పును కొరుకుతూ ఉండాలి. నెల గడువు వరకు ఆగకుండా డాక్టరు గారికి ఫోను చేయండి.

మొదటి రోజుల్లో మెత్తని తిండి పెట్టండి. మన ఇళ్లలో ఎండాకాలం చేసుకునే పఖాళ, చల్లని చద్దన్నం దీనికి చాలా బాగుంటుంది. మెత్తగా ఉండటమే కాదు, ఇప్పుడు మొదట్లో వాడే నికెల్-టైటానియం తీగల్లో చాలావరకు చల్లదనానికి కాసేపు సడలుతాయి, నొప్పి తగ్గుతుంది. చెరకు ముక్కలు, జంతికలు, వేయించిన శనగలు, తాండ్ర క్లిప్పులు తీసేదాకా వద్దు. క్లిప్పు ఊడితే ఆ పన్నుకు అందాల్సిన సంకేతం ఆగిపోతుంది, అక్కడ కణాలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఊగడం. గూటి గోడ కరుగుతూ, పోగులు విడిపోయి మళ్లీ అల్లుకుంటూ ఉంటే లిగమెంట్ కొంత వెడల్పవుతుంది. వేలితో తాకితే పన్ను కొద్దిగా కదలడం పని జరుగుతోందనడానికి గుర్తు. అత్తగారికి ఈ మాట చెప్పండి. తీగ నెమ్మదించాక అదే పన్ను మళ్లీ బిగుసుకుంటుంది. అన్నం నమలలేనంతగా ఊగినా, పన్ను పైకీ కిందికీ ఆడినా, చిగురు నుంచి చీము వచ్చినా అది వేరే విషయం. అప్పుడు బలం ఆపి, ఎక్స్‌రే తీసి చూడాలి. వేరు కొంచెం కరిగినట్టు కనిపిస్తే రెండు మూడు నెలలు తీగను నిశ్చలంగా ఉంచుతాం. ఆ విరామంలో వేరు పై పొరను (సిమెంటం) కట్టే కణాలు గుంటలను పూడుస్తాయి.

వర్షాకాలంలో వంశధార పొంగి, గుణుపురం దారి తెగి, మూడేసి నెలలు రాలేని పిల్లలు నాకున్నారు. వారి తల్లిదండ్రులు కంగారు పడతారు. సున్నితమైన తీగ ఉన్నంతవరకు అలాంటి ఆలస్యం వల్ల పన్నుకు హాని లేదు, కణాలు తమ పని చేసుకుంటాయి, కాలం కొంచెం పెరుగుతుంది, అంతే. గడువు కంటే ముందుగా బిగించడం కన్నా, గడువు దాటి రావడం ఎప్పుడూ మేలు. క్లిప్పు ఊడి ఉంటే మాత్రం వానలోనైనా ఫోనులో చెప్పాలి.

ఒక విషయం అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే మన వైపు ఇంకా జరుగుతోంది. ముందు పళ్ల మధ్య సందు మూయడానికి రెండు పళ్లకూ కలిపి మామూలు రబ్బరు బ్యాండు వేస్తుంటారు, కొందరు ఇంట్లోనే, కొందరు డిగ్రీ లేని చోట. పన్ను చిగురు వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి బ్యాండు మెల్లగా చిగురులోకి జారి కనబడకుండా పోతుంది. అక్కడ వేరు చుట్టూ బిగిసి, లిగమెంట్‌నూ ఎముకనూ కొసదాకా నాశనం చేస్తుంది. సందు రెండు వారాల్లో మూసుకుపోయిందని సంబరపడ్డ ఒక పిల్లవాడి రెండు పళ్లూ నా ముందుకు వచ్చేసరికి చీములో తేలుతున్నాయి. బ్యాండును వెతికి తీసి చిగురు కోసి శుభ్రం చేసినా ఒకటి దక్కలేదు. పళ్లకు రబ్బరు బ్యాండు సొంతంగా ఎప్పుడూ వేయకండి, ఎవరినీ వేయనివ్వకండి.

కణాల మీద ఇంత ఆధారపడుతున్నాం కనుక, వాటిని దెబ్బతీసేవేవో మొదటే డాక్టరుకు చెప్పాలి. మన వైపు ముందుగా చెప్పుకోవలసింది గుడాకు. ఒడిశాలో ఆడవాళ్లు కూడా పొద్దున్నే పళ్లు తోముకున్నట్టు రుద్దుకునే అలవాటు ఇది; బెల్లం కలిసినా అందులో ఉన్నది పొగాకే. పొగాకు చిగురుకు రక్తం సరఫరాను తగ్గించి, ఎముకను కరిగించే చిగుళ్ల జబ్బును ముదురుస్తుంది. చిగుళ్ల జబ్బు ఉన్న పన్ను మీద క్లిప్పు బలం పడితే ముందు గోడ కరుగుతుంది కానీ వెనక గోడ కట్టుబడదు. రాయగడలో నలభై దాటిన ఒకావిడ ముందు పళ్లు విడిపోతున్నాయని వచ్చారు. గుడాకు మాన్పించి, చిగుళ్లకు వైద్యం చేయించి, రక్తం కారడం పూర్తిగా ఆగిందని నిర్ధారించుకున్నాకే, మామూలుకంటే తక్కువ బలంతో తీగ వేశాను. ఆమె పళ్లు ఇవాళ చక్కగా ఉన్నాయి. వయసు అడ్డం కాలేదు. పెద్దవారిలో కణాలు మేలుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాయి, అంతే.

ఎముకలు గుల్లబారకుండా వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ లాంటి మాత్రలు ఆస్టియోక్లాస్టులనే పని చేయనివ్వవు, పన్ను చాలా నెమ్మదిగా కదులుతుంది. పళ్లు తీయించుకునే ముందు ఆ మాత్రల సంగతి చెప్పి తీరాలి. దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లు, అదుపులో లేని షుగరు కూడా అంతే. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు గణనీయంగా ఉంది. కుటుంబంలో ఎవరికైనా ఉంటే అమ్మాయికి రక్తపరీక్ష చేయించండి. ఉన్నా క్లిప్పులు వేయవచ్చు. సన్నని నాళాల్లో రక్తం తేలికగా అడ్డుపడే శరీరం కాబట్టి బలం ఇంకా తగ్గించి, బిగింపుల మధ్య విరామం పెంచుతాం.

ఇక పెళ్లి. మాఘమాసం కోసం క్లిప్పులు మధ్యలో తీయించకండి. కణాలు ఎముకను కరిగించడం రెండు మూడు వారాల పని. కరిగిన చోట కొత్త ఎముక పోసి గట్టిపరచడం మూడు నాలుగు నెలల పని. మధ్యలో తీగ తీస్తే పన్ను గట్టిపడని ఎముకలో ఉంటుంది. దాని చుట్టూ సాగిన చిగురు పోగులు పాత చోటికి లాగుతుంటాయి, సగం మూసిన ఖాళీలోకి పళ్లు ఒరుగుతాయి. పని మొత్తం ముగిశాక కూడా, పళ్లను కొత్త చోట నిలిపి ఉంచే రిటైనర్ పెట్టుకోమనేది ఈ కారణానికే. లిగమెంట్ పోగులు మూడు నాలుగు నెలల్లో కొత్తగా అల్లుకున్నా, చిగురులోని సాగే పోగులు సర్దుకోవడానికి ఏడాది దాకా పట్టవచ్చు. మొదటి ఏడాది రిటైనర్ నిర్లక్ష్యం చేసిన వారి పళ్లు మళ్లీ వంకర తిరగడం తరచుగా చూస్తున్నాను.

క్లిప్పులతోనే పెళ్లి చేయండి. వచ్చేసారి శ్రీకాకుళం వెళ్లినప్పుడు పెళ్లి తేదీ డాక్టరు గారికి చెప్పండి. ముందు ఆరు పళ్ల వంకర్లు అప్పటికి సరిచేసేలా ఆయన పనిని అమర్చుకోగలరు. పై పళ్లకు పంటి రంగు క్లిప్పులు మార్చడం కుదురుతుందేమో అడగండి. పెళ్లి వారంలో కొత్తగా ఏమీ బిగించవద్దని చెప్పండి, నొప్పి లేకుండా భోజనం చేయగలుగుతుంది. పెళ్లయ్యాక అమ్మాయి వేరే ఊరు వెళ్లేటట్టయితే మొదటి ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు, ఇప్పటిదాకా వేసిన తీగల వివరాలు ఒక కాపీ తీసుకోండి. అక్కడి ఆర్థోడాంటిస్టు వాటిని చూసి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగిస్తారు. అబ్బాయి తరఫువారికి ముందే చెప్పి ఉంచితే, నెలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లడం గురించి అమ్మాయి అక్కడ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.